వేలిముద్రలు ఎవరివి?

2020 సెప్టెంబరులో బయటికొచ్చిన ఒక పట్టిక తెలుగువాళ్లకు అస్సలు మింగుడుపడలేదు. జాతీయ నమూనా సర్వే వాళ్లు 2017 జూలై నుంచి 2018 జూన్ దాకా దేశమంతా తిరిగి చదువు మీద ఇంటింటి లెక్క తీశారు. ఏడేళ్లు నిండినవాళ్లలో నూటికి ఎంతమందికి చదవడం, రాయడం వచ్చు అన్నది ఆ పట్టిక. పైన కేరళ, 96.2. దేశం సగటు 77.7. తెలంగాణ 72.8. బీహార్ 70.9. రాజస్థాన్ 69.7. అందరికన్నా కింద ఆంధ్రప్రదేశ్, 66.4.

వీధికో ఇంగ్లీషు మీడియం బడి, పల్లెపల్లెకూ వచ్చే కాలేజీ బస్సులు, డాలస్‌లోనో బే ఏరియాలోనో ఒక అబ్బాయి లేని వీధి కనబడని డెల్టా ఊళ్లు. ఇన్ని పెట్టుకుని బీహార్ కన్నా వెనకా? ఆ వారం టీవీ చర్చల్లో ఒక పార్టీవాళ్లు ఇంకో పార్టీని తిట్టడానికి ఈ అంకె బాగానే పనికొచ్చింది. అంకె అసలు ఏం చెబుతోందో అడిగినవాళ్లు తక్కువ.

నిజానికి దక్షిణాదిలో తెలుగునేల చదువులో చివరి బెంచీలో కూర్చోవడం కొత్తేం కాదు. 1971 జనాభా లెక్కల్లో కేరళ 60.4, తమిళనాడు 39.5, కర్ణాటక 31.5 శాతం దగ్గరుంటే ఆంధ్రప్రదేశ్ 24.6 దగ్గర ఉంది. చిక్కుముడి పాతదే. బీహార్ కూడా మనల్ని దాటిపోవడమే అందులో పడిన కొత్త మెలిక. దాన్ని పట్టుకుని వెనక్కి లాగితే పాత ముడి కూడా కొంత వదులవుతుందేమో చూద్దాం.

ముందుగా అనుమానించాల్సింది సర్వేనే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని అప్పటి పదమూడు జిల్లాల అక్షరాస్యత 67 శాతం పైనే. ఆరేడేళ్ల తర్వాత అది 66.4కు దిగిందంటే నమ్మబుద్ధి కాదు. చదువుకున్నవాళ్లు చదువు మర్చిపోతారు కానీ, రాష్ట్రం మొత్తం ఒక్కసారి మర్చిపోదు కదా. పైగా ఇది నమూనా సర్వే. కొన్ని వేల ఇళ్లు తిరిగి రాష్ట్రం మొత్తానికి లెక్క కడతారు. పరీక్ష పెట్టరు. ఇంట్లో ఎవరు కనబడితే వాళ్లు అందరి తరఫునా చెబుతారు. ఏ భాషలోనైనా చిన్న సందేశాన్ని అర్థం చేసుకుని చదవగలగాలి, రాయగలగాలి అన్నది నిర్వచనం. అరుగు మీద కూర్చున్న మనిషి దానికి ఇచ్చే జవాబు మాత్రం అవును, కాదు, రెండే.

కాబట్టి సర్వే తప్పని కొట్టిపారేయొచ్చు. అలా కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. కానీ 2023-24లో ఇంకో సర్వే జరిగింది. కార్మిక శక్తి సర్వే అది, ప్రశ్నలు వేరు, ఇళ్లు వేరు, ఏళ్లు వేరు. అందులో ఆంధ్రప్రదేశ్ 72.6, బీహార్ 74.3. మళ్లీ మనమే అడుగున. ఒక సాక్షి తడబడితే పట్టించుకోనక్కర్లేదు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే వినాల్సిందే. పాయింట్లలో పొరపాట్లు ఉంటే ఉండొచ్చు, వరస మాత్రం నిజం.

రెండో అనుమానం హైదరాబాద్ మీద. రాష్ట్రం విడిపోయింది, 83 శాతం అక్షరాస్యత ఉన్న మహానగరం అటు వెళ్లింది, అందుకే ఇటు సగటు పడిపోయిందన్న మాట చాలామంది నోట వినబడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 2011 లెక్కలనే రెండు రాష్ట్రాలకూ విడదీసి చూస్తే తెలంగాణది 66.5 దగ్గర, ఆంధ్రది 67 దాటి ఉంది. అంత హైదరాబాద్‌ను పెట్టుకుని కూడా తెలంగాణ ఆంధ్ర కన్నా కొంచెం కిందే ఉంది, ఎందుకంటే హైదరాబాద్ ఎత్తిన సగటును పాలమూరు దించేసింది. పాలమూరంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, దాని అక్షరాస్యత 2011లో 55. ఆ జిల్లాలోంచి తర్వాత విడిగా వచ్చిన జోగులాంబ గద్వాల ప్రాంతానిది 49.87, అంటే సగం కూడా లేదు. విభజన మీద పెట్టిన కేసు ఇక్కడితో సరి.

మూడో అనుమానం బడి మీద. పిల్లలు బడికి పోవడం లేదా? పోతున్నారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో బడిలో పేరున్నవాళ్లు చాలా ఏళ్లుగా 95 శాతానికి పైనే. మారుమూల గిరిజన గూడేలను పక్కన పెడితే బడి లేని ఊరు వెతకాల్సిందే. నాడు-నేడు కింద గోడలకు రంగులు వచ్చాయి, తరగతి గదుల్లో పలకలు పడ్డాయి, తల్లుల ఖాతాల్లో అమ్మఒడి డబ్బు పడింది. మంచి పనులే. కాకపోతే పదేళ్ల పిల్లలందరూ బడిలోనే ఉన్న రాష్ట్రంలో నిరక్షరాస్యులు మూడింట ఒక వంతు ఉన్నారంటే, వాళ్లు పదేళ్ల పిల్లలు కారన్నమాట. బడిలో వెతికితే దొరకరు.

మరి ఎక్కడున్నారు?

ఈ కథలో అసలు ఆధారం ఇంకో శాఖ ఫైల్లో ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ఒకటి జరుగుతుంది. కాన్పులు, టీకాలు, రక్తహీనత దాని పని. అక్షరాస్యత దానికి పక్క ప్రశ్న. కానీ ఆ పక్క ప్రశ్నను వాళ్లు అడిగే తీరు మిగతా సర్వేల కన్నా నికార్సైనది. పెద్దగా చదువుకోని ఆడమనిషి చేతికి ఒక కార్డు ఇస్తారు. దాని మీద ఆమె భాషలో చిన్న వాక్యం ఉంటుంది. చదవమంటారు. మొత్తం చదివిందా, కొంత చదివిందా, అసలు చదవలేదా అని రాసుకుంటారు. మొహమాటానికి తావు లేదు.

2019-21లో జరిగిన అయిదో విడతలో ఆ కార్డు చదివినవాళ్ల లెక్క చూస్తే కథ తలకిందులైంది. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్ బీహార్ కన్నా వెనకబడి లేదు. పది శాతానికి పైగా ముందుంది.

ఇప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడేళ్లు దాటిన ఆడవాళ్లందరినీ లెక్కిస్తే, నమూనా సర్వేలో బీహార్ 60.5, ఆంధ్ర 59.5. పదిహేను, నలభై తొమ్మిది మధ్యవాళ్లనే లెక్కిస్తే ఆంధ్ర పది శాతానికి పైగా ముందు. బడి వయసు పిల్లలు రెండుచోట్లా దాదాపు అందరూ బడిలోనే ఉన్నారు. రెండు కాగితాలూ నిజమే కావాలంటే ఒకే దారి ఉంది. మన నిరక్షరాస్యులు ఆ ఆరోగ్య సర్వే అడగని వయసులో ఉన్నారు. నలభై తొమ్మిది దాటిన చోట.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న అడ్డం పడుతుంది. బీహార్లో మాత్రం అవ్వలకు చదువొచ్చా? రాదు. 1971లో బీహార్ అక్షరాస్యత 20 శాతం దగ్గర, మనకన్నా తక్కువ. అక్కడి అవ్వలూ వేలిముద్ర వేసేవాళ్లే. తేడా ఏమిటంటే, అక్కడి లెక్కలో అవ్వల వాటా తక్కువ.

దీనికి పెద్ద గణితం అక్కర్లేదు. రెండు ఊళ్లు అనుకోండి, రెంటిలోనూ నూరేసి మంది. రెంటిలోనూ చిన్నవాళ్లందరికీ చదువొచ్చు, పెద్దవాళ్లలో నూటికి ముప్పైమందికే వచ్చు. అంటే రెండు ఊళ్ల బడులూ ఒకేలా పనిచేస్తున్నాయి, రెండు ఊళ్ల గతమూ ఒకటే. మొదటి ఊళ్లో చిన్నవాళ్లు అరవై, పెద్దవాళ్లు నలభై. అక్షరాస్యులు అరవై, ఇంకో పన్నెండు, మొత్తం డెబ్బై రెండు. రెండో ఊళ్లో చిన్నవాళ్లు ముప్పై, పెద్దవాళ్లు డెబ్బై. అక్షరాస్యులు ముప్పై, ఇంకో ఇరవై ఒకటి, మొత్తం యాభై ఒకటి. చదువు చెప్పడంలో ఇసుమంత తేడా లేదు, అంకెల్లో ఇరవై ఒక్క శాతం తేడా వచ్చింది.

బీహార్ మొదటి ఊరికి దగ్గర, మనం రెండో ఊరికి దగ్గర. 2011లో బీహార్ జనాభాలో ఆరేళ్ల లోపు పిల్లలు 18.4 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10.8. అరవై దాటినవాళ్లు అక్కడ 7.4 శాతం, ఇక్కడ 9.8. అక్కడ ఏటా తామరతంపరగా పిల్లలు బడికి చేరుతూ సగటును పైకి ఎత్తుతున్నారు. ఇక్కడ సగటును ఎత్తడానికి పిల్లలే తక్కువ.

పిల్లలు ఎందుకు తక్కువ? ఇక్కడ కథ ఇంకో మలుపు తిరుగుతుంది, నాకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది ఇదే. ఒక స్త్రీకి సగటున ఎంతమంది పిల్లలన్న లెక్క 1992-93లో ఆంధ్రప్రదేశ్‌లో 2.6. 2005-06 కల్లా 1.8కి దిగింది. అదే 2005-06లో బీహార్లో 4. ఆడవాళ్లు చదువుకుంటేనే కాన్పులు తగ్గుతాయని పుస్తకాలు చెబుతాయి, కేరళ దానికి ఉదాహరణ. ఆంధ్ర మాత్రం ఆ సూత్రాన్ని కాదంది. చదువు రాని తల్లులే ఇద్దరితో ఆపేశారు. ఊళ్లో ఆరోగ్య కార్యకర్త తిరగడం, పెద్దాసుపత్రిలో క్యాంపు, ఇరవై అయిదు నిండకముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. రెండో కాన్పు అవగానే "ఇంక చాలు, ఉన్నవాళ్లను చదివిచ్చుకుంటాం" అన్న మాట ఏ ఊళ్లో అయినా వినొచ్చు. అలా అని నిజంగానే చదివించారు. ఆ పిల్లల్లో కొంతమంది హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ఇంకా అవతలికి వెళ్లిపోయారు. సర్వేవాళ్లు ఇంటికొచ్చే వేళకు ఆ ఇంట్లో మిగిలింది అమ్మా నాన్నలే. వెళ్లిన కొడుకు చదువు తెలంగాణ ఖాతాలోనో కర్ణాటక ఖాతాలోనో పడుతుంది, అమెరికా వెళ్తే ఎవరి ఖాతాలోనూ పడదు. అమ్మ వేలిముద్ర మాత్రం ఇక్కడి ఖాతాలోనే ఉంటుంది.

చదువు రాని తల్లి తన పని తాను చక్కగా చేసుకున్నందుకు రాష్ట్రానికి పడిన మార్కు ఇది.

ముడి సగం విడింది. మిగతా సగం గట్టిది. తమిళనాడులోనూ కాన్పులు తగ్గాయి, కేరళలో మనకన్నా ముందే తగ్గాయి, అక్కడా ముసలివాళ్లు ఎక్కువే. కానీ ఆ రాష్ట్రాలు అడుగుకు జారలేదు. అక్కడి అవ్వాతాతలు ఎంతోకొంత చదువుకున్నారు కాబట్టి. మన అవ్వాతాతలు ఎందుకు చదువుకోలేదు?

వాళ్లు పిల్లలుగా ఉన్న కాలానికి పోదాం. 1961 నుంచి 1971 దాకా పదేళ్లలో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 21.2 నుంచి 24.6కి, అంటే మూడున్నర శాతం కూడా పెరగలేదు. నాగార్జునసాగర్ కట్టిన దశాబ్దం అది. ఆ పదేళ్లలో బడి ఈడు పిల్లలు ఏం చేస్తున్నారన్నది తెలుసుకోవాలంటే విద్యాశాఖ నివేదికలు తిరగేయడం దండగ. 1971 జనాభా లెక్కల్లోనే ఇంకో పట్టిక తీయాలి. పనివాళ్ల పట్టిక. అందులో పద్నాలుగేళ్ల లోపు వాళ్ల వరస.

దేశం మొత్తం మీద ఆ వరసలో 1 కోటి 7 లక్షల మంది పిల్లలున్నారు. వాళ్లలో 16 లక్షల 27 వేల మంది ఆంధ్రప్రదేశ్ పిల్లలు. దేశంలో మొదటి స్థానం. జనాభాలో మనకన్నా పెద్ద రాష్ట్రాలైన ఉత్తరప్రదేశ్, బీహార్‌లకు కూడా అంతమంది లేరు. 1981లో 19 లక్షల 51 వేలు, మళ్లీ మొదటి స్థానం. 1991లో 16 లక్షల 62 వేలు, అప్పుడూ మొదటి స్థానమే. ఇరవై ఏళ్లపాటు మనం ఎవరికీ వదలని ఫస్ట్ ర్యాంకు ఇదొక్కటే.

1971లో అయిదు నుంచి పద్నాలుగేళ్ల వయసున్న పిల్ల 2017లో సర్వే జరిగేనాటికి యాభై దాటి ఉంటుంది. ఆరోగ్య సర్వే కార్డు చేతికివ్వని వయసు సరిగ్గా అదే. ఒక పట్టికలో బాల కార్మికురాలిగా కనబడిన మనిషే నలభై ఆరేళ్ల తర్వాత ఇంకో పట్టికలో నిరక్షరాస్యురాలిగా కనబడింది. ఇన్నాళ్లూ ఈ రెండు పట్టికలనూ రెండు శాఖలు విడివిడిగా చూసుకున్నాయి.

తమిళనాడు సంగతి కూడా ఇక్కడే ఒక ముక్క చెప్పుకోవాలి. అక్కడ బడిలో అన్నం పెట్టడం కామరాజ్ కాలంలో 1950ల్లోనే మొదలైంది, 1982లో ఎంజీఆర్ దాన్ని రాష్ట్రమంతటికీ భారీగా విస్తరించారు. మన దగ్గర బడిలో వండి వడ్డించడం అన్ని బడులకూ వచ్చింది 2003 జనవరిలో, అదీ సుప్రీంకోర్టు 2001 నవంబరులో గట్టిగా చెప్పాక. అప్పటిదాకా నెలకు మూడు కిలోల బియ్యం ఇంటికిచ్చి సరిపెట్టారు. అంబలి దొరికే పొలం ఒకటి, ఏమీ దొరకని బడి ఒకటి ఉంటే ఆకలిగా ఉన్న పిల్ల ఎటు పోతుందో చెప్పడానికి సర్వే అక్కర్లేదు.

ఇక రాష్ట్రమంతా ఒకలా లేదన్నది గుర్తుపెట్టుకోవాలి. 2011లో పశ్చిమ గోదావరి 74.6, కృష్ణా 73.7. విజయనగరం 58.9, కర్నూలు 60. కర్నూలు జిల్లా ఆడవాళ్లలో సగంమందికి అక్షరం రాదు. ఆ జిల్లాలోనూ పడమటి వైపు, ఆదోని దాటాక వచ్చే కౌతాళం, కోసిగి, మంత్రాలయం, హొళగుంద మండలాలు, తుంగభద్ర దాటితే అవతల గద్వాల, నారాయణపేట. మ్యాపులో ఏ ఏటి లెక్క తీసినా నల్లగా కనబడేది ఈ ముక్కే.

ఈ ముక్క గురించి రెండు వందల ఏళ్ల నాటి సాక్ష్యం ఒకటి ఉంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరినీ ఊరి బడుల లెక్క పంపమన్నాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు అన్నిటికన్నా వివరమైంది. ఆనాటి బళ్లారి జిల్లాలోనే ఆదోని, ఆలూరు ఉన్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గాని అవి కర్నూలుకు రాలేదు. కాబట్టి క్యాంప్‌బెల్ లెక్కలో కౌతాళం, కోసిగి ఊళ్లూ ఉన్నట్టే.

జిల్లా మొత్తం జనాభా 9,27,857. బడులు 533, వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, ఇంగ్లీషు బడి ఒక్కటి. చదువుకునేవాళ్లు 6,641. అందులో ఆడపిల్లలు 60.

తొమ్మిది లక్షల మందిలో అరవైమంది ఆడపిల్లలు. మన పాత చదువు ఎంత గొప్పదో చెప్పడానికి మన్రో లెక్కలను ఎత్తిచూపేవాళ్లున్నారు. ఇంగ్లీషువాడు రాకముందు ఊరూరా బడి ఉందనేదాంట్లో నిజం లేకపోలేదు. జనం పేదవాళ్లైపోయి, ఒకప్పుడు బడులున్న ఊళ్లలో ఇప్పుడు బడి లేకుండా పోయిందని క్యాంప్‌బెలే రాశాడు. కానీ ఆ అరవై అంకెను ఏ గొప్ప కిందా దాచలేం. ఇంకో మాట కూడా రాశాడాయన. బడిలో పిల్లలు బట్టీపట్టే పద్యాల భాషకూ వాళ్లు మాట్లాడే భాషకూ పొంతన లేదని, చదివేది పిల్లలకే కాదు, చెప్పే పంతుళ్లకు కూడా అర్థం కాదని. ఈ మాట చెవిలో వేసుకుని ఉంచండి, చివర్లో పనికొస్తుంది.

తుంగభద్ర అవతలి ఒడ్డు నిజాంది. అక్కడ పెద్ద చదువు ఉర్దూలో, ఇంట్లో మాట తెలుగులోనో కన్నడంలోనో. 1951 నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో చదువొచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. ఏటికి ఇవతల కంపెనీ పాలన, అవతల నిజాం పాలన. రెండు ఒడ్ల పల్లెల్లోనూ ఆడపిల్లకు దక్కింది ఒకటే.

స్వాతంత్య్రం వచ్చాక కూడా ఈ నేలలో బడిని ఓడించినవి రెండున్నాయి. ఒకటి సుగ్గి. కోసిగి, కౌతాళం ఊళ్లలో సుగ్గికి పోవడమంటే పంటల కాలానికి పనికి వలస పోవడం. వానాకాలం పంట చేతికొచ్చిందో ఎండిపోయిందో తేలాక, సంక్రాంతికి అటూ ఇటూగా కుటుంబం మొత్తం గుంటూరు వైపు కదులుతుంది. మిరపకాయ కోతలు, పత్తి తీతలు. లారీలోనో బొలెరోలోనో గిన్నెలు, గోనెసంచులు, కోళ్లు, పిల్లలు. చేల గట్ల మీద గుడారం. మళ్లీ ఉగాది దాటాకే ఊరు. బడి పుస్తకంలో చాలా పాఠాలు ఆ మూడు నెలల్లోనే ఉంటాయి. అవతల పాలమూరు వాళ్లది ఇంకా దూరపు వలస, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆనకట్టలు, రోడ్లు ఎక్కడ కడితే అక్కడికి. పిల్లలను ఊళ్లో ఉంచేందుకు తర్వాత తర్వాత సీజనల్ హాస్టళ్లు వచ్చాయి. అవి తెరుచుకునే తేదీ చాలాసార్లు లారీ బయల్దేరిన తర్వాత వచ్చేది.

రెండోది పత్తి విత్తనం. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. గద్వాల, అయిజ, మల్దకల్, ఇవతల నంద్యాల, ఆళ్లగడ్డ వైపు హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. చేలో ఆడ సాళ్లు వేరు, మగ సాళ్లు వేరు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఆడ సాల్లో ముందురోజు మధ్యాహ్నమే గుర్తుపట్టి, రెక్కలూ వాటితోపాటు పుప్పొడి తిత్తులూ గోటితో చుట్టూ ఒలిచేయాలి. మధ్యలో సన్నని కీలం మాత్రం నలగకుండా మిగలాలి. తెల్లారాక మగ సాల్లోంచి పూలు కోసుకొచ్చి ఆ కీలం మీద పుప్పొడి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఏ పూవుకా పూవుకు చేతితో చేయాలి, ఎకరానికి పదిమంది దాకా కావాలి, నెలల తరబడి రోజూ చేయాలి. ఒక్కరోజు తప్పితే ఆ పూలు తమంతట తామే పుప్పొడి పట్టి విత్తనం కల్తీ అయిపోతుంది.

సన్నని వేళ్లు కావాలి. వంగకుండానే మొగ్గ అందే ఎత్తు కావాలి. మాట వినాలి. కూలి తక్కువ తీసుకోవాలి. పది, పన్నెండేళ్ల ఆడపిల్లలో ఈ నాలుగూ దొరికాయి. ఆర్గనైజరు కంపెనీ తరఫున రైతుకు పెట్టుబడి ఇస్తాడు, రైతు పిల్ల తండ్రికి ముందే అడ్వాన్సు ఇస్తాడు, ఆ బాకీ తీరేదాకా పిల్ల చేలో ఉంటుంది. జూన్‌లో బడి తెరుస్తారు, ఆగస్టులో క్రాసింగ్ మొదలవుతుంది, సంక్రాంతి దాకా సాగుతుంది. తర్వాత సుగ్గి. ఇక బడికి మిగిలిన రోజులెన్నో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. 1980లు, 90ల్లో ఇలా మొగ్గలు ఒలిచిన పిల్లల్లో చాలామంది ఇప్పుడు నలభైల్లో ఉన్నారు. అంటే యాభై దాటినవాళ్ల వెనకే ఇంకో వరస ఉంది, ఈ నేలలో.

ఈ గొలుసును తెంపిన ప్రయత్నాలు లేవని కాదు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ఒక మొండి సూత్రం పట్టుకుంది. బడిలో లేని పిల్ల ఎక్కడున్నా బాల కార్మికురాలే, ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకున్నా సరే. పేదరికం పోయాక బడి కాదు, ముందు బడి. శిబిరాలు పెట్టి, పెద్దపిల్లలకు వెనకబడ్డ చదువు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. 2001 లెక్కలకల్లా బాల కార్మికుల్లో మన మొదటి స్థానం ఉత్తరప్రదేశ్‌కు పోయింది.

పెద్దవాళ్ల చదువు కథ వేరు. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది, నెల్లూరు జిల్లాలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు సారా కొట్టు మూయించడంతో దేశమంతా ఇటు చూసింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. ఆ ఊపు లెక్కల్లోనూ కనబడుతుంది. 1991లో 44.09 ఉన్న అక్షరాస్యత 2001కి 60.47 అయింది. పదేళ్లలో పదహారు శాతం, మన చరిత్రలో అంత పెద్ద అంగ ఇంకోటి లేదు. తర్వాత పదేళ్లలో మాత్రం ఆరున్నర శాతమే. అదే పదేళ్లలో బీహార్ 47 నుంచి దాదాపు 62కు వచ్చింది. మనల్ని దాటడానికి అడుగులు అప్పుడే పడ్డాయి, మనం చూసుకోలేదు.

మన అంగ ఎందుకు కురచైంది? రాత్రిబడిలో సంతకం దాకా వచ్చిన చదువు, తర్వాత చదవడానికి ఏమీ లేక చేజారిపోయింది. జనాభా లెక్కలు రాసుకోవడానికి పంతులు వచ్చినప్పుడు సాగే సంభాషణ ఎవరైనా ఊహించుకోవచ్చు.

"అవ్వా, చదువొచ్చునా?"

"యాడ సదువు నాయనా, పేరు గీకుతా అంతే."

ఆ గీతను 2001లో అవును అని రాసుకున్న పంతులు ఒకడైతే, పదేళ్ల తర్వాత కాదు అని రాసుకున్నవాడు ఇంకొకడై ఉండొచ్చు. 2009లో సాక్షర భారత్ పథకం వచ్చింది, ముఖ్యంగా ఆడవాళ్ల అక్షరాస్యత సగం మించని జిల్లాల కోసం. పంచాయతీకి ఇద్దరు కోఆర్డినేటర్లు, నెలకు రెండు వేల గౌరవ వేతనం. ఆ డబ్బుకు వయోజన విద్య కేంద్రంలో పేపరు వేయించడం, క్యారమ్ బోర్డు కాపాడటం, పరీక్షరోజు జనాన్ని పోగుచేయడం దాకా అయ్యేది. 2018 మార్చితో అదీ ముగిసింది. ఇప్పుడు రేషను షాపులో మిషను మీద డాక్టరుగారైనా, అవ్వైనా వేలే పెట్టాలి కాబట్టి, వేలిముద్ర వేయడంలో ఒకప్పటి చిన్నతనం కూడా పోయింది. చదువు నేర్చుకోవాలనిపించే ఆఖరి కారణం అలా పోయిందా అని నాకు అనుమానం.

క్యాంప్‌బెల్ మాట గుర్తుంది కదా, బడిలో ఉన్న పిల్లలకు కూడా చదివేది అర్థం కాదని. 2022లో అసర్ సర్వేవాళ్లు ఊళ్లలో మూడో తరగతి పిల్లల చేతికి రెండో తరగతి పాఠం ఇచ్చి చదవమన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో చదివినవాళ్లు నూటికి పదిమంది. తెలంగాణలో అయిదుగురు. కరోనాకు ముందు, 2018లో కూడా ఆంధ్రలో ఇరవై మూడు మించలేదు, తెలంగాణలో పద్దెనిమిదే. ఆ పిల్లలందరూ జనాభా లెక్కల్లో అక్షరాస్యులుగానే నమోదవుతారు. బడికి పోయే పిల్లకు చదువు రాదని ఏ తల్లి చెబుతుంది? కాబట్టి అవ్వలు ఒక్కొక్కరే పోయేకొద్దీ మన శాతం దానంతటదే పెరుగుతుంది, ఎవరూ ఏమీ చేయకపోయినా. పెరిగిన రోజున అప్పుడున్న ప్రభుత్వం అది తన ఘనతే అంటుంది. ఇప్పుడు తగ్గినందుకు తిట్లు తిన్న ప్రభుత్వాలకు ఆ తిట్లు ఎంతవరకు చెందుతాయో, రేపటి ఆ పొగడ్తా అంతవరకే.

వచ్చే జనాభా లెక్కలకు 2027 మార్చి 1 ఆధార తేదీ. ఫలితాలు రాగానే పేపర్లు రాష్ట్రాల వరస వేస్తాయి. దాన్ని పక్కన పెట్టి, కాస్త ఆలస్యంగా వచ్చే సి-8 అనే పట్టిక కోసం ఆగాలి. అందులో చదువు వయసుల వారీగా ఉంటుంది. కర్నూలు జిల్లాలో నలభై అయిదు దాటిన ఆడవాళ్ల వరస ఒకటి, పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల వరస ఒకటి, రెండూ విడిగా చూడాలి. రెండో వరస పక్కన ఆ ఏటి అసర్ అంకె కూడా పెట్టుకోవాలి.